నూట నలభై రెండో పేజీ

కిందటి వారం మనం అద్దాలక్కని కవుంటరు వెనకాల నిలబెట్టి వచ్చేశాం. పాపం, అప్పట్నుంచీ ఆ కాడ ఊడిన కళ్ళజోడు చేత్తో పట్టుకుని అక్కడే ఉంది. ఇక కదిలించాలి. కానీ మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్పుకోక తప్పదు, పాతవాళ్ళు కాస్త ఓపిక పట్టాలి.

కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించే పని అద్దాలక్కది. యాభై దాటింది. ఎవరైనా పెళ్ళిమాట ఎత్తినప్పుడల్లా చేతిలో ఏదో ఒక నవల సగంలో ఉండేది. ఆ సగాల మధ్యే వయసు జారిపోయింది. ఒక్కతే ఉంటుంది. అన్నయ్య పోయాక నా అనుకునే మనిషి వదిన ఒక్కతే మిగిలింది, ఆ వదినతోనూ మూడేళ్ళుగా మాటల్లేవు. అటువంటిది, టీచరు ఉద్యోగం చేస్తున్నానని చెప్పిన ఒకావిడ షాపుకి వచ్చి ఓ కళ్ళజోడు ఇచ్చింది. మా ఎదురింటావిడది, సాయంత్రంలోపు బిగించి ఉంచండి, ఆవిడ రేపు పొద్దున్నే ఊరు వదిలి వెళ్ళిపోతోంది, ఇక తిరిగి రాదు, అని చెప్పి వెళ్ళిపోయింది. అద్దాలక్క ఎడమ కాడ తిప్పి చూస్తే లోపల గోళ్ళరంగు చుక్క ఉంది. అన్నావదినలు ఒకే రకం ఫ్రేములు కొనుక్కుని రోజూ తారుమారు చేసుకుంటుంటే, విసుగొచ్చి వదిన జోడుకి ఆ చుక్క పెట్టింది తనే. అక్కడ ఆగాం.

అద్దాలక్క కాసేపటికి తేరుకుంది. చేతులు వాటి పని అవి మొదలుపెట్టాయి. రిపేరుకి ఏ జోడు వచ్చినా ముందు పవరు కొలిచే మీటరు కింద పెట్టి నంబరు చూడటం ఆ షాపు పద్ధతి. బిగించేటప్పుడు అద్దం పగిలిందంటే మళ్ళీ అదే నంబరు వేసివ్వాలి కదా. జోడు మీటరు కింద పెట్టి చక్రం తిప్పింది. లోపలి గీతలు కలవలేదు. ఇంకా తిప్పింది. చివరికి గీతలు కలిసిన చోట అంకె చూసి, పొరపాటు తనదేనేమోనని జోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టింది. అదే అంకె వచ్చింది.

అది వయసుతో వచ్చే చత్వారం నంబరు కాదు. అలాంటి అద్దాలు పెట్టుకునేవాళ్ళు ఏడాదికి ఒకరో ఇద్దరో వస్తారు షాపుకి. కాయితాన్ని ముక్కుకి ఆనించుకుని చదువుతారు, అదీ అక్షరం బొటనవేలంత ఉంటే. చూపు నడిమధ్యలో ఓ మచ్చ కూర్చుని ఏళ్ళ తరబడి నింపాదిగా పాకే జబ్బు అది. పోనీ ఈ మధ్యనే వచ్చిందనుకుందామా అంటే, అద్దాల మీద గీతలు, అంచుల్లో పేరుకున్న మురికి చూస్తుంటే అవి ఏళ్ళనాటివని ఇట్టే తెలిసిపోతోంది. ఈ పనిలో జుట్టు నెరిసిన మనిషికి ఎవరూ చెప్పక్కర్లేదు. వదినకి కళ్ళు కనపడటం లేదు. ఇవాళ్టి సంగతి కాదిది. తామిద్దరూ మాట్లాడుకుంటున్న రోజుల్లోనే మొదలైంది.

"నాకు చెప్పలేదేం?" అనుకుంది ముందు. తర్వాత సిగ్గేసింది. ఈ మూడేళ్ళూ చెప్పడానికి తను అక్కడుంటే కదా.

అసలు ఈ వదినామరదళ్ళ సంగతి కొంచెం వెనక్కి వెళ్ళి చెప్పాలి. వదిన కాపురానికి వచ్చిన కొత్తలో ఇంట్లో ఏ నవలైనా ఒక్క ప్రతే ఉండేది, చదివేవాళ్ళు ఇద్దరు. వదిన ఆనవాలు తలపిన్ను, మరదలి ఆనవాలు బస్సు టిక్కెట్టు. పిన్ను ముందుంటే టిక్కెట్టు ఏడ్చేది, టిక్కెట్టు ముందుంటే పిన్ను అలిగేది. ఆ రోజుల్లోనే వాళ్ళిద్దరికీ ఓ వింత అలవాటు పడింది. మొహం మీద అనలేని మాట ఏదైనా ఉంటే నోరు విప్పరు. "ఎనభయ్యో పేజీ చూడు" అంటారు, అంతే. వెళ్ళి చూస్తే అక్కడ ఇంటిగలావిడ ఎవరో అద్దెకున్న కుర్రాణ్ణి, తిన్న పళ్ళెం నువ్వే కడుక్కో నాయనా అని దులిపేస్తూ ఉంటుంది. మరదలు గుటక మింగి పళ్ళెం తీసుకెళ్ళి కడిగేది. మర్నాడు తనూ ఓ పేజీ నంబరు చెప్పేది, అందులో ఇంకెవరో ఇంకెవరికో క్షమాపణ చెప్పుకునేవారు. మీ ఇద్దరికీ దేవుడు నోళ్ళెందుకిచ్చాడో అని అన్నయ్య నవ్వేవాడు. మరదలికి పిచ్చుక అని పేరు పెట్టింది కూడా ఆయనే, పుస్తకాల్లో గింజలేరుకు తింటుందని.

తర్వాత ఫోన్లొచ్చాయి. అన్నయ్యే ఇద్దరి ఫోన్లలోనూ నవలలు చదివే యాప్ పెట్టిచ్చాడు. అద్దాలక్కకి అది ఓ పట్టాన ఎక్కలేదు. కాయితం పుస్తకంలో కుడిచేతి వైపు పేజీలు పలచబడుతుంటే కథ అయిపోవస్తోందని మనసు ముందే సర్దుకుంటుంది. ఇదేమో అధ్యాయం ముగియడానికి ఇంకా పదకొండు నిమిషాలు అంటుంది, రావాల్సిన బస్సు సంగతి చెబుతున్నట్టు. మనకి నచ్చిన వాక్యం కింద ముక్కూ మొహం తెలియని వాళ్ళెవరో ముందే గీత గీసి పెట్టి ఉంటారు. ఎంగిలి పళ్ళెంలో తిన్నట్టుంటుంది. అయినా అలవాటు పడింది. పడక ఏం చేస్తుంది, అన్నం తినేటప్పుడు ఎదురుగా కూర్చునే మనిషి లేనప్పుడు? ఫోనుని నీళ్ళగ్లాసుకి ఆనించుకుని, ఎడమచేత్తో పేజీ తిప్పుకుంటూ తినేది. ఏడాది చివర యాప్‌లో రంగుకాగితాలు రాలుతున్న బొమ్మ వచ్చి, మీరు ఈ ఏడాది చాలా చదివారు, శభాష్, అంటుంది. ఆ ఏడాది మొత్తం మీద ఆవిణ్ణి శభాష్ అన్నది అదొక్కటే.

వదిన మాత్రం ఆ యాప్‌ని మొదటిరోజే ఎత్తుకుని ముద్దుపెట్టుకున్నంత పని చేసింది. ఎందుకో ఎవరికీ తట్టలేదు. అన్నయ్య పోయాక ఒక రోజు లైబ్రరీ వాళ్ళ వ్యాను పిలిచి, ఆయన పుస్తకాలన్నీ, గోడ పొడుగునా ఉన్న అలమరతో సహా ఎక్కించేసింది. అద్దాలక్క వెళ్ళేసరికి వ్యాను తలుపులు మూస్తున్నారు. ఇదేంటి వదినా అంటే, అన్నీ ఫోనులోనే ఉన్నాయిగా, ఇంకెందుకివి, అంది వదిన మొహం పక్కకి తిప్పుకుని. అద్దాలక్కకి ఒళ్ళు మండిపోయింది. వ్యానువాళ్ళు వింటుండగా, ఇరుగుపొరుగు వింటుండగా, "అన్నయ్యని రెండోసారి కూడా పంపించేశారు వదినా" అనేసి గిరుక్కున తిరిగి వచ్చేసింది.

ఆ సాయంత్రమే వదిన నుంచి మెసేజి వచ్చింది. అప్పట్లో ఇద్దరూ ఒకే నవల చదువుతున్నారు. రేవు దగ్గర పడవ టిక్కెట్లు అమ్మే అక్కచెల్లెళ్ళ కథ. మెసేజిలో ఒకటే ముక్క: "142వ పేజీ చూడు."

చూసింది. అక్కడ అక్క చెల్లెలితో అంటోంది: "నీ మొహం చూస్తే నాకు పోయినవన్నీ గుర్తొస్తున్నాయి. ఇక నా గుమ్మం తొక్కకు."

అద్దాలక్క ఆ ముక్క రెండుసార్లు చదువుకుంది. తర్వాత "చూశాను" అని జవాబిచ్చింది. ఆ తర్వాత ఆ గుమ్మం తొక్కలేదు. పండగలు పోయాయి, అన్నయ్య పోయిన రోజులు వచ్చి పోయాయి. ఎన్నోసార్లు వదిన వీధి దాకా వెళ్ళి, ఆ వాక్యం గుర్తొచ్చి, బస్సెక్కి వచ్చేసింది. ఆవిడ పంతం గల మనిషి కాదు. చదివిన మాటని నమ్మే మనిషి, అంతే. ఎంతైనా జీవితమంతా అదే చేసింది.

ఇప్పుడు మళ్ళీ షాపులోకి వద్దాం. కాడకి మర బిగించడం అయిపోయింది. ఈ అద్దాలతో వదిన అసలు ఏమైనా చదవగలుగుతోందా, ఎంత అక్షరమైతే ఆనుతుంది, అన్నది తేల్చుకోవాలనిపించింది అద్దాలక్కకి. గిరాకీలకి రోజూ చేసే పనే. వాళ్ళ ఫోనులో మెసేజి తెరిచి అక్షరాలు పెంచుతూ పోయి, ఎక్కడ చదవగలుగుతున్నారో చూస్తుంది. తన ఫోను తీసింది. ఎదురుగా ఇంకేమీ తోచక ఆ రేవు నవలే తెరిచింది. తెరిస్తే అది ఎప్పుడూ ఆ నూట నలభై రెండో పేజీలోనే తెరుచుకుంటుంది, అక్కణ్ణించి ముందుకి చదవలేదు మరి. ఇన్నేళ్ళలో ఆవిడ సగంలో వదిలేసిన నవల అదొక్కటే.

అక్షరాలు పెంచింది. "నా గుమ్మం తొక్కకు" అన్న ముక్క లావెక్కింది. ఇంకా పెంచింది. తెర మీద నాలుగైదు వాక్యాలే మిగిలాయి. ఇంకొక్క మెట్టు పెంచి, వదిన జోడు తన కళ్ళకి అడ్డం పెట్టుకుని ఫోను ముక్కు దాకా తెచ్చుకుంది. అప్పుడు కనపడింది తెర అడుగున అంకె.

నాలుగు వందల ముప్ఫై ఒకటో పేజీ.

జోడు తీసి మళ్ళీ చూసింది. అక్షరాలు తగ్గించింది. నూట నలభై రెండు. పెంచింది. నాలుగు వందల ముప్ఫై ఒకటి. వాక్యం మాత్రం అదే వాక్యం, కదల్లేదు మెదల్లేదు.

రోజూ పదిమందికి అక్షరాలు పెంచి చూపించే మనిషి, వందల నవలలు నమిలి మింగిన మనిషికి, ఇంత చిన్న సంగతి ఎలా తట్టకుండా పోయిందో చూడండి. అక్షరం లావైతే పేజీలో తక్కువ పడతాయి. తక్కువ పడితే పేజీలు ఎక్కువవుతాయి. ఒకే ప్రతిని పంచుకుని చదివిన ఆ ఇద్దరికీ పేజీ నంబరంటే ఇంటి నంబరు లాంటిది. ఎవరెప్పుడు వెళ్ళినా ఆ గుమ్మంలో ఆ మనిషే ఉండాలి. ఫోనులో ఇళ్ళు నడుస్తాయని వాళ్ళకేం తెలుసు?

అయితే వదిన చూడమన్నది ఏ పేజీ?

ఒక్కో సైజులోనూ నూట నలభై రెండు వెతికింది. ఒక సైజులో రేవు మీద వాన కురుస్తోంది, అంతకు మించి ఏమీ లేదు. ఇంకో సైజులో పడవవాడు టీ తాగుతూ చిల్లర లెక్కపెట్టుకుంటున్నాడు. ఇదేం కాదు. అన్నిటికన్నా పెద్ద సైజు పెట్టి, కథలో బాగా వెనక్కి, ఎప్పుడో చదివి మరిచిపోయిన మొదటి అధ్యాయాల్లోకి వెళ్ళి చూసింది. అక్కడ అక్క, చెల్లెలి చెయ్యి పట్టుకుని టిక్కెట్ల గది వెనక్కి తీసుకెళుతోంది.

"నాకు టిక్కెట్ల మీద అంకెలు కనపడటం లేదే. ఇంతవరకు ఎవరితోనూ అనలేదు. భయమేస్తోంది. నువ్వొచ్చి నా పక్కన కూర్చుంటావా?"

అద్దాలక్క ఫోను కవుంటరు మీద బోర్లా పెట్టేసింది. కళ్ళ ముందు ఆ పాత రోజులన్నీ తిరిగాయి. నీ గొంతు బావుంటుంది, నువ్వే పైకి చదువు, అని వదిన పదేపదే అడగడం. బియ్యంలో రాళ్ళు మిగిలినా గమనించకపోవడం. యాప్ రాగానే అంత సంబరపడటం. ఆ వ్యాను రోజున మొహం పక్కకి తిప్పుకోవడం. చదవలేని పుస్తకాల్ని గోడ నిండా పెట్టుకుని ఎవరు మాత్రం కూర్చోగలరు? ఇదంతా ఒక ఎత్తు. దానికి తను ఇచ్చిన జవాబు ఒక్కటీ ఒక ఎత్తు. కళ్ళు పోతున్నాయి, భయమేస్తోంది, వచ్చి కూర్చుంటావా అని అడిగిన మనిషికి "చూశాను" అని జవాబిచ్చి, మూడేళ్ళు గడప తొక్కలేదు.

కానీ ఇదంతా తను ఊహించుకున్నదే అయితే? వానపేజీయే నిజమైతే? ఆ అనుమానం ఒకటి పీకుతూనే ఉంది. తేల్చి చెప్పగలిగిన మనిషి ప్రపంచంలో ఒక్కతే ఉంది, ఆవిడ రేపు పొద్దున్నే వెళ్ళిపోతోంది. ఒంట్లో బాలేదని యజమానితో చెప్పి, టీచరమ్మ వస్తే జోడు తనే పట్టుకెళ్ళిందని చెప్పమని, అద్దాలక్క చెప్పుల్లో కాళ్ళు దూర్చింది.

రెండు బస్సులు మారి వెళ్ళేసరికి ఇంకా ఎండ ఉంది. వీధి ఏమీ మారలేదు. తలుపు ఓరగా వేసి ఉంది. లోపల్నుంచి ఎవరో మాట్లాడుతున్నారు. ఆడగొంతే. కానీ ఎక్కడా ఊపిరి తీసుకోవడం లేదు.

"పడవ కదిలింది చెల్లెలు గట్టుమీదే నిలబడింది అక్క చెయ్యి ఊపలేదు పేజీ ఎనిమిది వందల అరవై టిక్కెట్ల గది తలుపు మూసి ఉంది..."

యాప్ చదివిపెడుతోంది. చుక్క దగ్గర ఆగదు, కామా దగ్గర తడబడదు, పేజీ నంబర్ని కూడా కథలో కలిపేసి పోతుంది. పడవ బయల్దేరడానికీ ఒక మనిషి శాశ్వతంగా వెళ్ళిపోవడానికీ తేడా దానికి తెలియదు. అద్దాలక్కకి ఆ గొంతు మీద చెప్పలేనంత కోపం వచ్చింది. ఇన్నాళ్ళూ వదిన పక్కన కూర్చున్నది ఇదన్నమాట.

గుమ్మం దాటింది. అలమర ఉండే గోడ బోసిగా ఉంది, అది ఉన్నంత మేరా సున్నం రంగు వేరేగా తెలుస్తోంది. ఆ గోడకి ఆనించి రెండు పెట్టెలు, తాడు కట్టిన ఓ పరుపుచుట్ట. వదిన కిటికీ వైపు తిరిగి కూర్చుంది, ఒళ్ళో ఫోను. జుట్టంతా తెల్లబడిపోయింది. భుజాలు సగానికి సగం అయిపోయాయి. అద్దాలక్క అక్కడే ఆగిపోయింది.

"వచ్చారా టీచరమ్మా? అక్కడ బల్ల మీద పెట్టండి," అంది వదిన తల తిప్పకుండా. ఈ వీధి చివరే ఇంకో షాపు ఉండగా మిమ్మల్ని అంత దూరం పంపించాను, ఏమీ అనుకోకండి, అని కాసేపు మొహమాటపడింది. తర్వాత ఏదో మామూలు సంగతి అడుగుతున్నట్టు అడిగింది. "ఆ షాపులో ఒకావిడ ఉండాలి. సన్నగా, పుల్లలా ఉంటుంది. నా జోడు చూసి ఏమైనా అడిగిందా?"

అద్దాలక్క నోటికి పైట చెంగు అడ్డం పెట్టుకుంది.

"అడగలేదా," అంది వదిన తనలో తనే. "సరేలెండి."

ఫోను మాత్రం దాని మానాన అది చదువుకుంటూ పోతోంది. అద్దాలక్క నాలుగు అడుగులు వేసి, వదిన ఒళ్ళోంచి ఆ ఫోను తీసుకుని గొంతు ఆపేసింది. వదిన చేతులు గాల్లో అలాగే ఉండిపోయాయి. అద్దాలక్క ఆవిడ పక్కన నేల మీద కూర్చుని, ఫోను కళ్ళకి దూరంగా పట్టుకుని, లావాటి అక్షరాలు కూడబలుక్కుని, అది ఆపిన చోటునుంచి మొదలుపెట్టింది.

"టిక్కెట్ల గది తలుపు మూసి ఉంది. చెల్లెలు తాళం తియ్యలేదు. బయటే మెట్టు మీద కూర్చుంది. ఆ మెట్టు మీద ఇద్దరికి చోటుంది."

వదిన చేతులు మెల్లగా ఒళ్ళోకి దిగాయి. పేజీ అయ్యేదాకా విన్నది. ఇంకో పేజీ విన్నది. అధ్యాయం అయిపోయాక అద్దాలక్క ఫోను తిరిగి వదిన ఒళ్ళో పెట్టింది.

"గొంతు బొంగురు పోయింది నీకు," అంది వదిన.

"ఇన్నాళ్ళూ ఎవరికీ చదవలేదు వదినా."

వదిన మొహం ఇటు తిరిగింది. ఆ చూపు అద్దాలక్క మీద పడలేదు, చెవి పక్కనుంచి వెళ్ళిపోయింది. "ఆ పేజీ చదివి కూడా రాలేదు నువ్వు. చూశాను అన్నావు. చూపు పోతోంది మొర్రో అని నేనంటే, చూశాను అన్నావు. నవ్వు కూడా వచ్చింది పిచ్చుకా."

వానపేజీ కాదు, చిల్లర లెక్కల పేజీ కాదు. ఆవిడ ఊహించినదే నిజం. నిజమైనందుకు సంతోషించాలో, తల బాదుకోవాలో అద్దాలక్కకి తెలియలేదు. ఏడుస్తూనే చెప్పింది. షాపులో మీటరు సంగతి, అక్షరాలు పెంచితే పేజీ నడిచి వెళ్ళిపోవడం, నూట నలభై రెండు కాస్తా నాలుగు వందల ముప్ఫై ఒకటి అయి కూర్చోవడం, అన్నీ. ముందు వెనకలుగా, చెప్పిందే చెప్తూ చెప్పింది. వదిన నుదురు ముడేసుకుని విన్నది. సంగతి బోధపడుతున్న కొద్దీ ఆవిడ చెయ్యి కుర్చీ చేతిని గట్టిగా పట్టుకుంది.

"అయితే నీ పేజీలో ఏముంది?"

అద్దాలక్క తల వంచుకుంది. ఎందుకులెండి వదినా, అంది. వదిన వదల్లేదు.

"చెప్పు."

ఫోను చూడాల్సిన పనే లేదు. మూడేళ్ళుగా కంఠతా వచ్చిన ముక్క. "నీ మొహం చూస్తే నాకు పోయినవన్నీ గుర్తొస్తున్నాయి. ఇక నా గుమ్మం తొక్కకు."

వదిన కుర్చీ చేతిని వదిలేసింది. ఆవిడకి కోపం రాలేదు. కోపం వచ్చినా బావుండేది.

"నేను నీతో అంత మాట అంటానని నమ్మావా?"

ఇదీ అసలు ప్రశ్న. అక్షరాల సైజు మీద నెట్టెయ్యడానికి వీల్లేని ప్రశ్న. పేజీ మార్చింది ఫోనే, కాదనడం లేదు. కానీ ఆ పేజీని వదిన నోట్లో పెట్టింది ఎవరు? ఒక్క ఫోను చేసి, ఇదేంటి వదినా ఇలా అన్నారు అని అడిగితే పోయేది కదా. ఎన్ని నవలల్లో చూడలేదు, ఒక్క మాట అడగక మనుషులు పాడైపోవడం. ప్రతిసారీ వీళ్ళకి నోరు లేదా అని విసుక్కుంది తనే.

"నమ్మాను వదినా," అంది అద్దాలక్క. "నేను చదివి కూడా రాలేదని మీరూ నమ్మారు."

వదిన తల ఊపింది. ఊపుతూనే ఉంది. "నమ్మాను," అంది చివరికి.

అప్పుడు ఏడ్చింది వదిన. ఇన్నేళ్ళలో అన్నయ్య పోయినప్పుడు తప్ప ఆవిడ ఏడవగా అద్దాలక్క చూడలేదు. చూపు ఆనని కళ్ళలోంచి కూడా నీళ్ళు మామూలుగానే వస్తాయి. అద్దాలక్క తను తెచ్చిన జోడు తీసి, పైట చెంగుతో ఆవిడ మొహం తుడిచి, జోడు పెట్టింది. ఎడమ కాడ ఇంకా కొంచెం వదులుగా ఉంది. చేతిసంచీలోంచి చిన్న స్క్రూడ్రైవరు తీసి, ఆవిడ మొహం మీదే జోడు ఉండగా, చెవి పక్కన ఒక్క తిప్పు తిప్పి బిగించింది. కదలకండి, అని రోజూ గిరాకీలతో అనే మాటే అంది. వదిన కదలకుండా కూర్చుంది.

పెట్టెల సంగతి వదినే చెప్పింది. రేపు పొద్దున్న కారొస్తుంది. చెల్లెలి వరసైన ఒకావిడ, పగలంతా ప్రయాణం చేస్తే వచ్చే ఊళ్ళో ఉంటుంది, ఇంట్లో ఓ గది ఖాళీగా ఉంది రమ్మంది. మంచిదే పాపం. ఇంటివాళ్ళకి తాళాలిచ్చేస్తానని మాట కూడా ఇచ్చేశాను. ఆవిడ అంతా సర్దుకున్నట్టే చెప్పింది, ఒక్క గొంతే సర్దుకోలేదు. వాళ్ళింట్లో ఎవరైనా చదువుతారా అని అద్దాలక్క అడిగితే, టీవీ ఉందట, అంది.

అద్దాలక్క బల్లకి అటుపక్కనున్న పెట్టెల వంక చూసింది. తన రెండు గదుల ఇల్లు గుర్తొచ్చింది. గ్లాసుకి ఆనించిన ఫోను, ఎదురుగా ఎవరూ కూర్చోని కుర్చీ. ఒకప్పుడైతే ఇలాంటి మాట చెప్పడానికి ఏదో నవల తిరగేసి ఓ నంబరు వెతికేది. ఇప్పుడు వెతకలేదు.

"మా ఇంటికి వచ్చెయ్యండి వదినా."

వదిన వేళ్ళతో కాడ మీది గోళ్ళరంగు చుక్కని తడిమింది, అది అక్కడే ఉందో లేదో చూసుకుంటున్నట్టు. అలా చాలాసేపు తడిమి, పాత రోజుల్లో కోపమో ప్రేమో తెలియకుండా అనే ఆ గొంతుతోనే అంది.

"రెండు వందల ఆరో పేజీ చూడు."

అద్దాలక్క అలవాటు కొద్దీ తన ఫోను తీసింది. నవల తెరిచింది. రెండు వందల ఆరు దాకా వెళ్ళబోయి, ఠక్కున ఆగిపోయింది.

"నా అక్షరాల్లోనా వదినా, మీ అక్షరాల్లోనా?"

వదిన మొహంలో మూడేళ్ళ తర్వాత ఓ చిన్న నవ్వు కదిలింది. అద్దాలక్క చేతిలోని ఫోనుని తడిమి పట్టుకుని పక్కన పెట్టేసి, తన ఫోను ఆవిడ చేతుల్లో ఉంచింది.

"నా అక్షరాల్లోనే," అంది. "ఈసారి మనసులో కాదు. నాకు వినపడేట్టు పైకి చదువు."

లావాటి అక్షరాలు తెర మీదికొచ్చాయి. అద్దాలక్క మొదటి వాక్యం చూసింది. అక్కడ అక్క తన పరుపుచుట్ట తెచ్చి చెల్లెలి గదిలో విప్పుతోంది. అద్దాలక్క ఆ ముక్క దగ్గరే ఆగి, గోడకి ఆనించి ఉన్న పరుపుచుట్ట వంక చూసింది. బయట మెట్ల మీద టీచరమ్మ చెప్పుల చప్పుడు వినపడుతోంది.

"చదువు పిచ్చుకా," అంది వదిన.